సంతకం పెట్టిన రిపోర్టును తిరిగి తెరవవచ్చా?

కోస్తాలోని ఒక పట్టణం నుంచి ఒక యువ పాథాలజిస్టు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు. రోగిని గుర్తుపట్టడానికి వీలున్న వివరాలను నేను కొంత మార్చాను. ఎండీ పూర్తయి మూడేళ్లయిన ఈమె, పీజీలో తనకు పాఠాలు చెప్పిన ప్రొఫెసరు గారు పదవీ విరమణ తరువాత పెట్టుకున్న డయాగ్నస్టిక్ సెంటరులో పనిచేస్తున్నారు. నెల రోజుల క్రితం 58 ఏళ్ల రైతు ఒకరి నడుము వెన్నుపూస నుంచి సీటీ సాయంతో సూది ద్వారా తీసిన బయాప్సీ ఆమె బల్ల మీదికి వచ్చింది. సన్నని రెండు ముక్కలు. వాటిలో సగం ఎముక, కొంత నలిగిపోయిన భాగం, మిగిలిన చోట కేంద్రకం ఒక పక్కకు ఒరిగిన గుండ్రటి కణాలు. ప్లాస్మా కణాల, అంటే యాంటీబాడీలు తయారుచేసే తెల్ల రక్తకణాల, గడ్డ అయివుంటుందని ఆమెకు తోచింది. ఒక్కొక్క మార్కరుకు, అంటే కణం ధరించిన ఒక్కో గుర్తును యాంటీబాడీతో రంగు వేసి చూపే పరీక్షకు, విడిగా డబ్బు కట్టాలి కనుక, "తప్పనిసరి అయినవి మాత్రమే చేయండి మేడమ్" అని రోగి కొడుకు వేడుకున్నాడు. ఆమె సీడీ138, సీడీ45 రెండే చేయించారు. మొదటిది కణాల అంచుల చుట్టూ గాఢమైన గోధుమరంగుతో పాజిటివ్‌గానూ, రెండవది నెగటివ్‌గానూ వచ్చాయి. ప్లాస్మాసైటోమా, అంటే ప్లాస్మా కణాల గడ్డ, అని రాసి సంతకం పెట్టారు.

మూడు వారాల తరువాత హైదరాబాదు నుంచి ఆంకాలజిస్టు ఫోన్ చేశారు. రక్తంలో ఎమ్-బ్యాండ్ (గడ్డ కణాలు తయారుచేసే ఒకే రకం యాంటీబాడీ జాడ) కనిపించలేదనీ, ఫ్రీ లైట్ చెయిన్ల (యాంటీబాడీలోని చిన్న గొలుసుల) నిష్పత్తి మామూలుగానే ఉందనీ, తుంటి ఎముక నుంచి తీసిన మజ్జలో ప్లాస్మా కణాలు 3 శాతమేననీ చెప్పి, బయాప్సీ ముక్కను పొదిగిన మైనపు బ్లాకు పంపగలరా అని అడిగారు. వెన్నుపాము మీద ఒత్తిడి పెరుగుతుందన్న భయంతో రోగికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ అప్పటికే మొదలుపెట్టారు. మరో పది రోజుల్లో రేడియేషన్ ఇవ్వాలన్నది ఆలోచన. పెట్ స్కానుకు ఆ కుటుంబానికి ఇంకా డబ్బు సమకూరలేదు. ఆ రాత్రి ఈమె స్లైడు మళ్లీ తీసి చూశారు. మొదటిసారి దృష్టి నిలపని ఒక మూలలో కణాలు ఒకదానికొకటి అతుక్కుని చిన్న చిన్న గుంపులుగా కనిపించాయి. ఇది ఎక్కడి నుంచో ఎముకకు పాకిన కార్సినోమా (పైపొరల నుంచి, గ్రంథుల నుంచి పుట్టే క్యాన్సర్) కాదు కదా అన్న అనుమానం అప్పటి నుంచి నిద్రపోనివ్వడం లేదు.

ప్రొఫెసరు గారికి చెబితే, "సీడీ138 పాజిటివ్, సీడీ45 నెగటివ్, ఇంకేం కావాలి? రిపోర్టు జోలికి వెళ్లకు, వాళ్లకు రాతపూర్వకంగా ఏమీ పంపకు" అన్నారట. భర్త ఆ ఉద్యోగమే మానేయమంటున్నారు. ఇచ్చిన రిపోర్టును తిరిగి తెరవవచ్చా, సార్ మాట కాదని ముందుకు వెళ్లవచ్చా, ఉద్యోగం వదులుకోవాలా, రోగి కుటుంబాన్ని స్వయంగా కలవాలా అని ఆమె అడిగారు. చివర ఒక మాట రాశారు: "ఆ రోజు రంగు సరిగా పట్టిందో లేదో సరిచూడటానికి కంట్రోల్‌గా పెట్టిన టాన్సిల్ ముక్క పైపొర కూడా గోధుమరంగులో మెరిసింది. అది రోజూ చూసేదే. దాని అర్థం ఆ రోజు నాకెందుకు తట్టలేదు?"

అమ్మా, మీ చివరి మాట నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే తక్కిన ప్రశ్నలన్నిటికీ మొదలు అక్కడే ఉంది. సీడీ138కు మరో పేరు సిండికాన్-1. కట్టి ఉంచడం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి ఆ పేరు వచ్చింది. కణం తన చుట్టూ ఉన్న ఆధారాన్ని పట్టుకుని ఉండటానికి తోడ్పడే అణువు అది. బీ-కణాల జీవితయాత్రలో రక్తంలో తిరిగే పరిణతి చెందిన బీ-కణాల మీద అది ఉండదు, ప్లాస్మా కణంగా మారిన తరువాత దట్టంగా కనిపిస్తుంది; అందువల్లనే రక్తకణాల లోకంలో అది ప్లాస్మా కణానికి నమ్మదగిన గుర్తు. ఆ లోకం దాటి బయటికి వస్తే చర్మం పైపొర, నోటి పైపొర, గ్రంథుల గోడలు అన్నీ దాన్ని ధరిస్తాయి. వాటి నుంచి పుట్టే క్యాన్సర్లలో చాలావాటిలో, అంటే పొలుసుకణ క్యాన్సర్లలోనూ, స్తనం, ఊపిరితిత్తులు, ప్రోస్టేట్, మూత్రాశయం క్యాన్సర్లలోనూ, అది కనిపించవచ్చు. కాబట్టి ఇది రక్తకణాల జాతి కణమని ముందుగా తేల్చుకున్న తరువాతే సీడీ138 చెప్పే జవాబుకు విలువ. ఆ తేల్చే పని తెల్ల రక్తకణాల ఉమ్మడి గుర్తయిన సీడీ45 చేస్తుందని మీరు అనుకున్నారు. కానీ ప్లాస్మా కణాలు తరచుగా సీడీ45ను పోగొట్టుకుంటాయి, కార్సినోమా కణాలకు అది మొదటి నుంచీ ఉండదు. మీరు వేసిన రెండు ప్రశ్నలకూ రెండు జబ్బులూ ఒకే జవాబు చెప్పాయి.

ఇక ఆ టాన్సిల్. సీడీ138కు దాన్ని కంట్రోల్‌గా ఎంచుకోవడంలోనే ఒక తెలివి ఉంది: పైపొర గోధుమరంగులో ఉండాలి, దాని కింద చెదురుమదురుగా ఉన్న ప్లాస్మా కణాలు గోధుమరంగులో ఉండాలి, మధ్యనున్న జెర్మినల్ సెంటర్లలోని (బీ-కణాలు పెరిగే గుంపుల్లోని) లింఫోసైట్లు రంగు పట్టకుండా నీలంగా మిగలాలి. మన పీజీ శిక్షణలో కంట్రోల్ అంటే రంగు పట్టిందా లేదా అని చూసి పక్కన పెట్టేసేదిగా నేర్పుతాము. ఏ కణాలు పట్టుకున్నాయో చదివి అర్థం చేసుకోవలసిన స్లైడుగా నేర్పము. అది మీ ఒక్కరి లోపం కాదని నేను అనుకోవడానికి కారణం అదే. మీ ఫ్రిజ్‌లోని సీడీ138 యాంటీబాడీ సీసా మీద ఎమ్‌ఐ15 అనో, బీ-ఏ38 అనో క్లోన్ పేరు, అంటే దాన్ని తయారుచేసిన కణవంశం పేరు, ఉంటుంది. 1975లో కోలర్, మిల్‌స్టైన్ ఎలుక మయలోమా (ప్లాస్మా కణాల క్యాన్సర్) కణాన్ని ప్లీహంలోని బీ-కణంతో కలిపి ఒకే రకం యాంటీబాడీని ఎడతెగకుండా తయారుచేసే పద్ధతి కనిపెట్టారు. ఇలాంటి ఎలుక క్లోన్లన్నీ ఆ వంశానివే. మయలోమాను వెతకడానికి మనం వాడే సాధనమే మయలోమా కడుపున పుట్టిందన్నది నాకు ఇప్పటికీ వింతగా ఉంటుంది. అయితే ఆ యాంటీబాడీకి తెలిసినది ఒక అణువులోని ఒక చిన్న భాగం మాత్రమే. ఆ అణువును ఏ కణం ధరించింది, ఏ జబ్బు ధరించింది అన్నది దాని పని కాదు. అది మన పని.

నా కథ ఒకటి చెబుతాను, మీ తప్పును చిన్నది చేయడానికి కాదు. నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో మా దగ్గరి యాంటీబాడీ సీసాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉండేవి. ముక్కు వెనుక భాగం నుంచి వచ్చిన ఒక బయాప్సీలో ఈఎమ్ఏ (పైపొర కణాల గుర్తు) పాజిటివ్, సీడీ45 నెగటివ్ అని చూసి కార్సినోమా అని ధీమాగా రాశాను. ప్లాస్మా కణాలు కూడా ఈఎమ్ఏకు రంగు పట్టుకుంటాయన్న సంగతి పుస్తకంలో చదివి ఉన్నాను. ఆ రోజు గుర్తు రాలేదు. మీరు ఎదురుగా నిలబడి పడిన గోతిలోనే నేను వెనక్కి నడుస్తూ పడ్డాను. బయట మరో ఆసుపత్రిలోని ఒక రెసిడెంటు కప్పా, లాంబ్డా అనే రెండు లైట్ చెయిన్లకు పరీక్ష చేసి అది ప్లాస్మాసైటోమా అని తేల్చారు. ఆ కబురు నాకు ముందుగా రోగి ద్వారా అందింది. నేను వెంటనే సవరణ రాసి ఉండవలసింది. సిగ్గుతో నాలుగు రోజులు ఆలస్యం చేశాను. ఆ నాలుగు రోజుల్లో రోగికి ప్రత్యేకించి నష్టమేమీ జరగలేదు. అది నా గొప్ప కాదు.

అయితే, అమ్మా, మీరు అప్పుడే మీ మీద తీర్పు చెప్పేసుకున్నారు. అది కూడా తొందరే. ఆంకాలజిస్టు చెప్పిన మూడు పరీక్షా ఫలితాలను మీరు మీ మీద వచ్చిన ఆరోపణగా విన్నారు. నేను వాటిని వేరుగా చదువుతున్నాను. ఎముకలో ఒకేచోట పుట్టే ప్లాస్మాసైటోమాలో ఎమ్-బ్యాండ్ అతి తక్కువగా ఉండటం, అసలు లేకపోవడం కూడా చూస్తాము. లైట్ చెయిన్ల నిష్పత్తి మామూలుగా ఉన్నంత మాత్రాన ఆ జబ్బు లేదని చెప్పలేము. 2014లో సవరించిన అంతర్జాతీయ మయలోమా బృందం ప్రమాణాల ప్రకారం మయలోమా అనడానికి మజ్జలో ఒకే క్లోన్‌కు చెందిన ప్లాస్మా కణాలు 10 శాతమైనా ఉండాలి, లేదా బయాప్సీలో ప్లాస్మాసైటోమా రుజువు కావాలి. ఆపైన కాల్షియం పెరగడం, మూత్రపిండాలు దెబ్బతినడం, రక్తహీనత, ఎముకల్లో గాయాలు వంటి లక్షణాల్లో ఒకటి గానీ, ఆ ప్రమాణాలే పేర్కొన్న మరికొన్ని సూచికల్లో ఒకటి గానీ ఉండాలి. మజ్జలో 3 శాతం అన్నది ఒంటరి ప్లాస్మాసైటోమాకు చక్కగా సరిపోయే అంకె. ఎక్కడి నుంచో పాకిన కార్సినోమాకు కూడా అంతే చక్కగా సరిపోతుంది. అంటే ఆ రక్తపరీక్షలేవీ మీ రిపోర్టును కొట్టివేయలేదు, బలపరచనూ లేదు. ఈ తగవు తేల్చగలిగినది మీ బీరువాలోని ఆ మైనపు బ్లాకే.

తేల్చవలసిన తొందర ఎందుకో కూడా స్పష్టంగా చెప్పుకోవాలి. ఒంటరి ప్లాస్మాసైటోమా అయితే నాలుగైదు వారాల పాటు 40 నుంచి 50 గ్రే (రేడియేషన్ మోతాదు కొలమానం) వరకు రేడియేషన్ ఇచ్చి ఆ గడ్డను పూర్తిగా నిర్మూలించాలని చూస్తారు. పాకిన కార్సినోమా అయితే నొప్పి తగ్గించడానికీ, వెన్నుపామును కాపాడటానికీ ఒకే విడతలో 8 గ్రే, లేదా పది విడతల్లో 30 గ్రే వంటి చిన్న వరుస చాలు. ఆపైన అసలు పుట్టిన చోటును వెతికి దానికి తగిన మందులు ఇవ్వాలి. ఇక డెక్సామెథసోన్ మొదలైంది కనుక, అది నిజంగా ప్లాస్మా కణాల గడ్డే అయితే ఇప్పుడు మళ్లీ సూది పెట్టి తీసే ముక్కలో చచ్చిన కణాలే ఎక్కువగా ఉండవచ్చు. స్టెరాయిడ్‌కు ముందు తీసిన మీ ముక్క విలువ అందుకే రోజురోజుకూ పెరుగుతోంది.

ఆ ముక్కను ఏమేమి అడగాలి? పైపొర కణాల్లో ఉండే సైటోకెరాటిన్‌ను మొదట అడుగుతాను. కార్సినోమా అయితే ఎక్కువగా అక్కడే తేలుతుంది. దానితోపాటు మమ్1. అది కేంద్రకంలో పట్టే రంగు, ప్లాస్మా కణాల్లో బలంగా ఉంటుంది, మామూలు కార్సినోమాల్లో సాధారణంగా ఉండదు. మెలనోమా (చర్మానికి రంగునిచ్చే కణాల క్యాన్సర్) మాత్రం మమ్1కు రంగు పట్టుకుంటుందని గుర్తుంచుకోండి. లైట్ చెయిన్లు రెండూ పలకకుండా మమ్1 ఒక్కటే పలికితే మెలనోమా మార్కర్లయిన ఎస్100, సాక్స్10 అడగకుండా లేవకూడదు. కొన్ని ప్లాస్మా కణాల గడ్డల్లో అక్కడక్కడా కెరాటిన్ మెరవడం అరుదుగానైనా ఉంది కనుక, ఏ ఒక్క ఫలితాన్నీ ఒంటరిగా నిలబెట్టి నమ్మకూడదు. ఇక కప్పా, లాంబ్డా జంటగా చేయాలి. ఒక ప్లాస్మా కణం ఒకే రకం లైట్ చెయిన్ తయారుచేస్తుంది. మామూలు వాపులో రెండు రకాల కణాలూ కలిసి, కప్పా లాంబ్డాకు సుమారు రెట్టింపుగా కనిపిస్తాయి. గడ్డ అయితే అన్నీ ఒకే రకం. ఈ ప్రశ్న కూడా మీరు మొదటిసారి అడగలేదు. ఇవి ప్లాస్మా కణాలే అని తేలినా, దీర్ఘకాలపు ఎముక ఇన్ఫెక్షన్‌లో చేరిన ప్లాస్మా కణాలు కావని సీడీ138 ఒక్కటే చెప్పలేదు. కణాలు పరచుకున్న తీరు చూస్తే ఆ అవకాశం తక్కువేనని మీరు రాసిన వర్ణన నుంచి అనుకుంటున్నాను, కానీ రిపోర్టులో ఆధారం ఉండాలి.

ఇక్కడ మీ ఉత్తరంలో ఒక చిన్న వాక్యం నన్ను ఆపింది: ఎముకలోని సున్నం కరిగించి ముక్కలను తొందరగా మెత్తబరచడానికి నైట్రిక్ ఆమ్లంలో పెట్టామన్నారు. ఎముక ఉన్న బయాప్సీల విషయంలో ఈ ఒక్క అలవాటు మార్కర్ల ఎంపిక కంటే ఎక్కువ చేటు చేస్తుంది. బలమైన ఆమ్లాలు చాలా యాంటిజెన్‌లను నీరసింపజేస్తాయి, ఆర్‌ఎన్‌ఏను అంతకంటే ఎక్కువగా పాడుచేస్తాయి. కప్పా, లాంబ్డాలకు కణజాలంలో నానిన రక్తరసంలోని ఇమ్యునోగ్లోబులిన్ వల్ల మురికిగా గోధుమ ఛాయ పడటం మామూలే. అది వచ్చినప్పుడు కణంలోని ఆర్‌ఎన్‌ఏను గుర్తించే ఇన్ సిటు హైబ్రిడైజేషన్‌కు వెళ్లడం మంచి మార్గం, అయితే ఆమ్లంలో నానిన మీ ముక్కలో ఆ దారి మూసుకుపోయి ఉండవచ్చు. కాబట్టి ఇప్పుడు చేసే పరీక్షల్లో వచ్చే పాజిటివ్‌లను నమ్మవచ్చు, నెగటివ్‌లను మాత్రం అదే ముక్కలో ఒక సాక్షి దొరికినప్పుడే నమ్మాలి. గడ్డకు దూరంగా మజ్జలో మిగిలిన ఒకటి రెండు మామూలు ప్లాస్మా కణాలు మమ్1కు పలికి, గడ్డ కణాలు పలకకపోతే ఆ నెగటివ్‌కు అర్థముంది; ఏవీ పలకకపోతే అక్కడ మాట్లాడుతున్నది ఆమ్లం. టాన్సిల్ కంట్రోల్ దీనికి సరిపోదు, ఎందుకంటే ఆ టాన్సిల్ ఆమ్లంలో నానలేదు.

మరో సంగతి గుర్తు చేస్తాను. బయాప్సీ తీసిన రోజు రేడియాలజిస్టు గదిలో ముక్కను స్లైడు మీద తాకించి ఇంప్రింట్లు తీశారా? మీ ఉత్తరంలో ఆ ప్రస్తావన లేదు. తీసి ఉంటే అవి ఆమ్లం ముఖం చూడని కణాలు. గీమ్సా రంగులో ప్లాస్మా కణం తన నీలి సైటోప్లాజంతో, కేంద్రకం పక్కన తేలికపాటి తెల్లని మరకతో ఇట్టే పట్టుబడుతుంది. యాంటీబాడీలు రాక ముందు తరాలవారు దాన్ని అలాగే గుర్తుపట్టేవారు. ఏ పెట్టెలోనో పడి ఉంటే రేపే వెతికించండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మొదటిది, సార్ చెప్పినట్లు మౌనంగా ఉండటం. ఆంకాలజిస్టు మళ్లీ ఫోన్ చేస్తారు, లేదా రోగి కొడుకే వచ్చి బ్లాకు అడుగుతాడు. ఎలాగైనా ఆ బ్లాకు మరో ల్యాబ్‌కు చేరుతుంది, ఇవే పరీక్షలు అక్కడ జరుగుతాయి. మీరు ఆపగలిగినది సత్యాన్ని కాదు, పది రోజులను. ఆ పది రోజుల్లో తప్పు మోతాదులో రేడియేషన్ మొదలయ్యే ప్రమాదం ఉంది. రెండవది, ఎవరికీ చెప్పకుండా మీ దగ్గరే పై మార్కర్లన్నీ చేసి చూసుకోవడం. నిద్ర పట్టడానికి ఇదే సుఖమైన దారిగా మీకు తోచవచ్చు. కానీ బ్లాకును సన్నని పొరలుగా కోసే మైక్రోటోమ్‌కు ఎక్కించిన ప్రతిసారీ అంచు సరిచేయడానికే కొంత ముక్క వృథా అవుతుంది. సగం ఎముకే ఉన్న మీ సన్నని ముక్క రెండుసార్లు ఎక్కిస్తే బయటివారికి ఏమీ మిగలకపోవచ్చు. అప్పుడు మీ ఫలితం స్పష్టంగా లేకపోతే రోగికి మళ్లీ సూది తప్పదు. మొదటిసారి కోసినప్పుడు కోటెడ్ స్లైడ్ల మీద రంగు వేయని సెక్షన్లు కొన్ని అదనంగా తీసి పెట్టుకునే అలవాటు మీ టెక్నీషియన్‌కు ఉంటే, వాటి మీద కెరాటిన్, మమ్1 చేయడం వేరే సంగతి. దానికి నేను అడ్డు చెప్పను.

మూడవది, బ్లాకును పంపడం, పంపేటప్పుడే రిపోర్టుకు సవరణ జత చేయడం. నా మొగ్గు దీనివైపే, అయినా ఇది ఖర్చు లేని దారి అని చెప్పను. సవరణ అంటే పాత రోగనిర్ధారణను చెరిపివేసి కొత్తది రాయడం కాదు. మీకు ఇంకా కొత్తది తెలియదు. "సీడీ138 పాజిటివ్, సీడీ45 నెగటివ్ అయిన గుండ్రటి కణాల గడ్డ, ప్లాస్మా కణాల గడ్డ, పాకిన కార్సినోమా రెండూ పరిశీలించవలసినవి, కెరాటిన్, మమ్1, కప్పా, లాంబ్డా అవసరం" అని రాసి, పాత రిపోర్టు తేదీని పేర్కొని, ఇది సవరించిన రిపోర్టు అని స్పష్టంగా ముద్రించాలి. వైద్య ప్రయోగశాలల నాణ్యతకు సంబంధించిన ఐఎస్ఓ 15189 ప్రమాణం కోరేది కూడా ఇదే: సవరించిన రిపోర్టు సవరించినదని తెలియాలి, మొదటిది ఏదో అందులోనే కనిపించాలి. బ్లాకు ఎక్కడికి వెళ్లాలన్నది ఆంకాలజిస్టుకు వదిలేయండి. వారి ఆసుపత్రిలో సదుపాయం లేకపోతే ముంబయి టాటా మెమోరియల్, వెల్లూరు సీఎంసీ వంటి సంస్థలు బయటి బ్లాకులను పరిశీలిస్తాయి, కానీ ప్రయాణానికీ వరుసకూ పట్టే రోజులను ఆ పది రోజుల్లోంచి తీసివేసి లెక్కవేసుకోవాలి. వెంట వెళ్లే కాగితంలో ఏ ఆమ్లంలో ఎన్ని గంటలు ఉంచారో తప్పక రాయండి. అది చెప్పకపోతే అక్కడివారు మీ ముక్కలోని నిశ్శబ్దాన్ని జవాబుగా పొరపడతారు.

సార్ విషయం. ఆయన ఎందుకు వద్దంటున్నారో మీ ఉత్తరంలో లేదు, నేను ఊహించగలను. చిన్న పట్టణంలో ఒక్క మాట బయటికి పొక్కితే బయాప్సీలు పంపే సర్జన్లు చేయి మారుస్తారు. విద్యార్థిని తన బల్ల మీద తప్పు చేసిందంటే ఆయనకు తన పాఠమే తప్పినట్లు ఉంటుంది. ఆయనను దుర్మార్గుడిగా చూస్తూ గదిలోకి వెళ్లకండి. స్లైడును, ఆ రోజు టాన్సిల్ కంట్రోల్‌ను రెండు తలల మైక్రోస్కోపు కింద పెట్టి, "సార్, పైపొర కూడా పలికింది కదా, మన కేసులో కెరాటిన్ లేకుండా ఎలా నిలబడగలం?" అని అడగండి. తప్పు జరిగిందని ఒప్పించడం కంటే రిపోర్టు అసంపూర్ణంగా ఉందని ఒప్పించడం తేలిక, పైగా ఈ రోజుకు అదే నిజం కూడా. నలభై ఏళ్లు స్లైడ్లు చూసిన మనిషి స్లైడు ముందు కూర్చున్నప్పుడు గల్లా పెట్టె దగ్గర కూర్చున్నప్పటిలా మాట్లాడరని నా అనుభవం.

అప్పటికీ ఒప్పుకోకపోతే? రిపోర్టు మీద ఉన్నది మీ సంతకం, మీ రిజిస్ట్రేషన్ నంబరు. చికిత్స చేస్తున్న డాక్టరు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పవలసిన బాధ్యత సార్ అనుమతితో రాదు, ఆయన కాదన్నంత మాత్రాన పోదు. ఆంకాలజిస్టుకు ఫోన్ చేసి మీ అనుమానాన్ని మీ మాటల్లో చెప్పండి; అదే విషయాన్ని రెండు వాక్యాల్లో రాసి పంపండి, దాని నకలు ఒకటి సార్‌కు కూడా ఇవ్వండి. ఆయన వెనుక చేసిన పనిగా అది మిగలకూడదు. 2002 నాటి వైద్య మండలి నియమావళి ప్రకారం రోగి కోరితే రికార్డులను 72 గంటల్లో ఇవ్వాలి. రోగి దేహం నుంచి వచ్చిన బ్లాకుకు కూడా అదే మర్యాద దక్కాలన్నది నా అభిప్రాయం. దీనివల్ల మీ ఉద్యోగం పోవచ్చు. పోదని ధైర్యం చెప్పి మిమ్మల్ని ముందుకు తోయను. ఇంటి ఖర్చులు, మీ భర్త గారి సంపాదన, ఆ పట్టణంలో మరో చోటు దొరికే అవకాశం ఇవన్నీ మీరే లెక్కవేసుకోవాలి. ఒక్క మాట మాత్రం: మానేయాలనుకున్నా ఈ కేసు తేలక ముందు మానేయకండి. మీరు వెళ్లిపోతే ఆ రిపోర్టు గురించి జవాబు చెప్పేవారు ఎవరూ ఉండరు, ఆంకాలజిస్టు ఫోన్ కౌంటరులోని అమ్మాయి ఎత్తుతుంది.

డబ్బు సంగతి కూడా వదిలిపెట్టలేను, ఇది మళ్లీ మీ బల్ల మీదికి వస్తుంది కనుక. "తప్పనిసరి అయినవి మాత్రమే" అన్న ఆ అబ్బాయి మాటలో తప్పు లేదు. తప్పనిసరి ఏదో తేల్చవలసినది మనం. రెండింటికే స్తోమత ఉంటే నేను సీడీ45 బదులు కెరాటిన్ తీసుకుని ఉండేవాడిని. మిగిలినవి చేయలేదని, అందువల్ల ఇంతవరకే చెప్పగలనని రిపోర్టులో రాసి ఉండేవాడిని. అలాగే ఎముక తగలని మెత్తని ముక్కను విడిగా తీసి ఆమ్లానికి దూరంగా ఉంచడం, మిగిలినదాన్ని ఆమ్లం బదులు ఈడీటీఏ అనే మృదువైన ద్రావణంలో నిదానంగా మెత్తబరచడం పెద్ద ఖర్చు లేని మార్పులే. రిపోర్టు రెండు మూడు రోజులు ఆలస్యమవుతుంది. సర్జన్ల ఫోన్లకు ఓపికగా జవాబు చెప్పుకోవాలి.

రోగి ఇంటికి వెళ్లనా అని అడిగారు. ఇప్పుడే వద్దని నా సలహా. చేతిలో జవాబు లేకుండా వెళితే మీ బరువు దించుకోవడానికి వారి మీద బరువు పెట్టినట్లవుతుంది. చికిత్సను గురించి వారితో మాట్లాడేది ఆంకాలజిస్టు, ఆయన చేతికి సరైన మాట అందించడమే మీ వంతు. కానీ బ్లాకు తీసుకువెళ్లడానికి ఆ అబ్బాయి వచ్చినప్పుడు టెక్నీషియన్‌తో ఇప్పించి లోపల కూర్చోకండి. మీరే బయటికి వచ్చి ఇవ్వండి. "నేను రాసినదాన్ని ఇంకా కొన్ని పరీక్షలతో సరిచూడాలి, మొదటే చేయించి ఉండవలసింది, అందుకే ఇది పంపుతున్నాం, ఫలితం వచ్చేవరకు రేడియేషన్ తేదీ గురించి డాక్టరు గారిని ఒకసారి అడగండి" అని తెలుగులో, నిదానంగా చెప్పండి. అతను కోపగించుకుంటే విని ఊరుకోండి. ఎండలో చాలా దూరం తీసుకువెళతాడు కాబట్టి మైనపు బ్లాకును చల్లని చోట, చిన్న డబ్బాలో పెట్టుకోమని కూడా చెప్పండి.